కాలిఫోర్నియాలో మీ హెచ్‌ఓఏ (ఇంటి యజమానుల అసోసియేషన్) బోర్డు ఎన్నిక సక్రమంగా జరిగేలా చూసుకోవడం ఎలా?

"మా హెచ్‌ఓఏ బోర్డులో ఏళ్ల తరబడి అవే ముఖాలు. ఎన్నిక ఎప్పుడు జరిగిందో మాకు తెలియనే తెలియదు. ఇప్పుడేం చేయాలి?" ఫ్రీమాంట్ నుంచి శాన్ రమోన్ దాకా ఇళ్లు కొనుక్కున్న తెలుగువారు ఈ ప్రశ్నను మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. చిక్కేమిటంటే, దాదాపు ప్రతిసారీ ఫలితాలు వెలువడ్డాకే అడుగుతారు. సభ్యునికి చట్టం ఇచ్చిన హక్కుల్లో అధికభాగం ఓట్ల లెక్కింపుకు ముందున్న మూడు నెలల్లోనే పనిచేస్తాయి కాబట్టి, ఆ మూడు నెలలు దాటాక చేయగలిగింది కొంత ఉన్నా, దానికి ఖర్చూ శ్రమా రెండూ ఎక్కువే.

ఇక్కడ చెప్పేవి ప్రధానంగా హెచ్‌ఓఏలకు వర్తించే కాలిఫోర్నియా డేవిస్-స్టర్లింగ్ చట్టం ప్రకారం, అందులోనూ ముఖ్యంగా సివిల్ కోడ్‌లోని 5100 నుంచి 5145 వరకు ఉన్న సెక్షన్ల ప్రకారం వర్తిస్తాయి. టెక్సస్‌లో ఉన్నవారు వీటిని తమకు అన్వయించుకోకూడదు. అక్కడ ప్రాపర్టీ కోడ్ 209వ అధ్యాయం వర్తిస్తుంది, మళ్లీ లెక్కించమని కోరడానికి ఇచ్చే గడువు కూడా 15 రోజులే. ఇంకొక మాట ముందే తెలుసుకోవాలి. కాలిఫోర్నియాలో హెచ్‌ఓఏలను నిత్యం పర్యవేక్షించే ప్రభుత్వ శాఖ ఏదీ లేదు. ఎవరో వచ్చి తనిఖీ చేస్తారని ఎదురుచూడటం వృథా. తనిఖీ చేయవలసింది సభ్యులే.

కావలసినవి

మీ అసోసియేషన్ సీసీఆర్‌లు (కాలనీలోని ఇళ్లకు వర్తించే నిబంధనల పత్రం), బైలాస్ (అసోసియేషన్ నడిచే తీరు చెప్పే నియమావళి), వీటికి తోడు విడిగా ఉండే ఎన్నికల నియమాల పత్రం, మీ ఇంటి గ్రాంట్ డీడ్ (యాజమాన్య పత్రం) నకలు, హెచ్‌ఓఏ ఫీజు చెల్లించినట్లు చూపే ఖాతా వివరాలు, గత ఏడాది బోర్డు సమావేశాల మినిట్స్, ఒక క్యాలెండరు, వచ్చిన ప్రతి నోటీసునూ కవరుతో సహా దాచుకునే ఒక ఫైలు. వీటితో పాటు లెక్కింపు రోజున మీతో వచ్చి కూర్చోగల ఇరుగుపొరుగువారు ఇద్దరు.

1. ఎన్నికల నియమాలను రాతపూర్వకంగా అడగండి

ఎన్నికల నియమాలు లేని అసోసియేషన్ ఉండకూడదు. మేనేజ్‌మెంట్ కంపెనీకి ఈమెయిల్ పంపి ఆ పత్రం అడగండి. ఈ ఆర్థిక సంవత్సరపు రికార్డులను 10 పనిదినాల్లోనూ, అంతకుముందు రెండు సంవత్సరాల రికార్డులను 30 రోజుల్లోనూ చూపవలసి ఉంటుంది. సరైన కారణం లేకుండా నిరాకరిస్తే, రాతపూర్వకంగా చేసిన ఒక్కో అభ్యర్థనకు 500 డాలర్ల వరకు జరిమానా విధించే అధికారం కోర్టుకు ఉంది. ఫోన్లో అడిగితే ఈ గడువుల్లో ఒక్కటీ మొదలుకాదు.

అదే ఈమెయిల్‌లో మరొక వాక్యం చేర్చండి: సాధారణ నోటీసులన్నీ నాకు విడిగా పంపాలి అని. ఇలా కోరనివారికి నోటీసును క్లబ్‌హౌస్ బోర్డు మీద అంటించినా చట్టం దృష్టిలో అందినట్లే లెక్క. ఈత కొలను వైపు ఆరు నెలలుగా వెళ్లనివారికి ఎన్నిక సంగతి తెలియకపోవడానికి సర్వసాధారణమైన కారణం ఇదే. చాలాసార్లు ఇందులో ఎవరి కుట్రా ఉండదు.

పత్రం చేతికి వచ్చాక మొదట దాని మీది తేదీ చూడండి. ఎన్నికకు ముందు 90 రోజుల్లోపు ఎన్నికల నియమాలను మార్చడం కుదరదు.

2. లెక్కింపు రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టండి

ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇది, ఎవరూ చేయనిదీ ఇదే. చట్టంలో మూడు ముప్పై రోజుల గడువులు ఒకదాని వెనుక ఒకటి ఉన్నాయి. నామినేషన్ల గడువు ముగియడానికి కనీసం 30 రోజుల ముందు నామినేషన్ నోటీసు రావాలి. బ్యాలెట్లు పంపడానికి కనీసం 30 రోజుల ముందు అభ్యర్థుల పేర్లు, బ్యాలెట్ తిరిగి పంపవలసిన చిరునామా, గడువు, లెక్కింపు జరిగే తేదీ, సమయం, స్థలం తెలిపే నోటీసు రావాలి. ఓటింగు గడువుకు కనీసం 30 రోజుల ముందు బ్యాలెట్, రెండు కవర్లు పంపాలి.

ఉదాహరణకు సెప్టెంబరు 15న లెక్కింపు అనుకుందాం. ఆగస్టు 16 నాటికి బ్యాలెట్లు బయలుదేరి ఉండాలి. జులై 17 నాటికి అభ్యర్థుల జాబితాతో నోటీసు రావాలి. ఆ జాబితా తయారు కావాలంటే నామినేషన్లు జులై 16కైనా ముగియాలి. అంటే నామినేషన్ నోటీసు జూన్ 16 నాటికి వచ్చి ఉండాలి. ఆగస్టు మొదట్లో తొలిసారి నోటీసు వచ్చి సెప్టెంబరు 15నే లెక్కింపు అన్నారంటే, ఎక్కడో ఒక గడువు తప్పిందన్నమాటే. ఆ క్షణంలోనే రాయండి. లెక్కింపును వాయిదా వేయడం ఆ దశలో బోర్డుకు తేలిక కాబట్టి సాధారణంగా అంగీకరిస్తారు.

అసలు ఎన్నికే పెట్టకపోతే? డైరెక్టరు పదవీకాలం ముగిసినప్పుడు ఎన్నిక జరగాలి; బైలాస్ ఏం చెప్పినా ప్రతి సీటుకూ నాలుగేళ్లకు ఒకసారైనా జరిగి తీరాలి. బోర్డు కదలకపోతే, కార్పొరేషన్‌గా నమోదైన అసోసియేషన్లలో 5 శాతం సభ్యులు సంతకాలు చేసి ప్రత్యేక సమావేశం కోరవచ్చు. రెండు వందల ఇళ్ల కాలనీలో ఇంటికొక ఓటు చొప్పున పది సంతకాలు చాలు.

3. "ఏకగ్రీవం" అన్నారా? ఇంకా జాగ్రత్తగా చూడండి

పంచాయతీ ఎన్నికల్లో ఏకగ్రీవం అంటే మనకు అలవాటైన మాటే. ఇక్కడా ఆ వీలు 2022 నుంచి ఉంది. ఖాళీల కన్నా అర్హులైన అభ్యర్థులు ఎక్కువ లేనప్పుడు, బ్యాలెట్లు పంపకుండానే వారిని ఎన్నికైనట్లు బోర్డు ప్రకటించవచ్చు. అయితే దీనికి మామూలు ఎన్నిక కన్నా ఎక్కువ ముందస్తు నోటీసు కావాలి. నామినేషన్ల గడువుకు కనీసం 90 రోజుల ముందు మొదటి నోటీసు, ఆ గడువుకు ముందు 30 నుంచి 7 రోజుల మధ్య గుర్తుచేసే మరొక నోటీసు ఇవ్వాలి. గత మూడేళ్లలో ఒక్కసారైనా మామూలు పద్ధతిలో ఎన్నిక జరిపి ఉండాలి. నామినేషన్ వేసినవారికి అది అందిందని ఏడు పనిదినాల్లో జవాబు ఇవ్వాలి.

పై ఉదాహరణలో నామినేషన్లు జులై 16న ముగుస్తాయి కాబట్టి, ఏకగ్రీవం చేయదలిస్తే మొదటి నోటీసు ఏప్రిల్ 17 నాటికే వచ్చి ఉండాలి. జూన్‌లో 30 రోజుల నోటీసు మాత్రమే ఇచ్చి, "ఎవరూ ముందుకు రాలేదు, అందుకని పాతవారే కొనసాగుతారు" అని ప్రకటించడం చెల్లదు. ఏళ్ల తరబడి అవే ముఖాలు కనిపించే కాలనీల్లో నేను మొదట అడిగేది ఈ రెండు నోటీసులనే.

4. ఓటర్ల జాబితాలో మీ పేరు సరిచూసుకోండి

బ్యాలెట్లు పంపడానికి కనీసం 30 రోజుల ముందు నుంచి, జాబితాలో తమ వివరాలు సరిగా ఉన్నాయో లేదో చూసుకునే అవకాశం సభ్యులకు ఉండాలి. తప్పు చూపితే రెండు పనిదినాల్లో దిద్దాలి. మనవాళ్లకు ఈ దశ తప్పనిసరి. డీడ్‌లో ఇంటిపేరు చివర ఉండి, హెచ్‌ఓఏ రికార్డుల్లో ముందు ఉండటం, పెళ్లయ్యాక మారిన పేరు ఒక చోట మారి మరొక చోట మారకపోవడం, అద్దెకిచ్చిన ఇంటి బ్యాలెట్ అద్దెకున్నవారి పెట్టెలో పడటం తరచూ జరిగేవే. ఇల్లు లివింగ్ ట్రస్టు పేరిట ఉంటే, కవరు మీద ట్రస్టీగా ఎలా సంతకం చేయాలో, ఎన్నిక నిర్వహించే ఇన్‌స్పెక్టరును ముందే ఈమెయిల్‌లో అడిగి, జవాబును దాచుకోండి.

ఓటు సమయానికి మీరు హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండబోతున్నారా? మీ జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఉన్న వ్యక్తికి బ్యాలెట్ నిరాకరించరాదు, గడువులోగా అందితే ఆ ఓటును లెక్కించాలి. "ఒక్క" పనికి పరిమితమైన పవర్ ఆఫ్ అటార్నీకి ఈ రక్షణ వర్తిస్తుందని అనుకోకండి.

హెచ్చరిక: "మీకు బాకీ ఉంది కాబట్టి బ్యాలెట్ ఇవ్వం" అనడం తప్పు. బ్యాలెట్లు పంపే రోజుకు సభ్యులు కాకపోవడం ఒక్కటే బ్యాలెట్ నిరాకరించడానికి కారణం కాగలదు.

5. మీరే పోటీ చేయదలిస్తే

నామినేషన్‌ను మీరే మీ పేరిట వేసుకోవచ్చు; ఎవరో ప్రతిపాదించాలని ఎదురుచూడకండి. ఈమెయిల్‌లో పంపి, అందినట్లు జవాబు తెప్పించుకోండి.

అభ్యర్థిని అనర్హులుగా ప్రకటించడానికి చట్టం అనుమతించే కారణాలు కొన్నే. సభ్యులు కాకపోతే అనర్హులే. నియమాల్లో రాసి ఉంటే మాత్రమే మరికొన్ని వర్తిస్తాయి: సభ్యత్వం వచ్చి ఏడాది నిండకపోవడం, అదే ఇంటి మరొక యజమాని ఇప్పటికే బోర్డులో ఉండటం లేదా పోటీ చేయడం, అసోసియేషన్ బీమాకు ఇబ్బంది తెచ్చే నేరశిక్ష ఉండటం, హెచ్‌ఓఏ ఫీజు బాకీ ఉండటం. ఈ చివరిదాని విషయంలోనే గొడవలు ఎక్కువ. నెలవారీ ఫీజు, ప్రత్యేక అసెస్‌మెంటు బాకీ ఉంటే అనర్హత కావచ్చు. అంతే తప్ప, గ్యారేజీ తలుపు రంగు మార్చినందుకు వేసిన జరిమానా, ఆలస్య రుసుము, వసూలు ఖర్చులు చెల్లించలేదని ఆపడం కుదరదు. అభ్యంతరం తెలుపుతూనే ఫీజు చెల్లించినవారిని, వాయిదాల ఒప్పందం చేసుకుని పాటిస్తున్నవారిని కూడా ఆపలేరు. పైగా అనర్హులని తేల్చే ముందు, అసోసియేషన్‌తో కూర్చుని మాట్లాడుకునే అంతర్గత వివాద పరిష్కార అవకాశం ఇవ్వాలి.

సరిచూసుకునే తీరు: మీకు వర్తింపజేసిన ఫీజు నియమం ఇప్పటి డైరెక్టర్లకూ వర్తిస్తుందా అని రాతలో అడగండి. అభ్యర్థులకొక నీతి, డైరెక్టర్లకొక నీతి పెట్టడానికి చట్టం ఒప్పుకోదు.

6. ఇన్‌స్పెక్టరు ఎవరో కనుక్కోండి

ఎన్నిక నిర్వహించి ఓట్లు లెక్కించే ఇన్‌స్పెక్టర్లు ఒకరో ముగ్గురో ఉండాలి, ఇద్దరు ఉండకూడదు. డైరెక్టరు గానీ అభ్యర్థి గానీ వారి బంధువు గానీ ఈ పని చేయరాదు. ఇతర సేవలకు అసోసియేషన్ డబ్బు చెల్లిస్తున్నవారు కూడా చేయరాదు, అంటే మేనేజ్‌మెంట్ కంపెనీ, అసోసియేషన్ లాయరు ఇద్దరూ పనికిరారు. 2020కి ముందు మేనేజర్లే లెక్కించడం కొన్ని చోట్ల ఆనవాయితీగా ఉండేది. "ఎప్పుడూ ఇలాగే చేస్తున్నాం" అనే సమాధానం అక్కడి నుంచి వచ్చినదే. నోటరీ గానీ, అకౌంటెంటు గానీ, కౌంటీ ఎన్నికల్లో స్వచ్ఛందంగా పనిచేసినవారు గానీ, పోటీలో లేని సాధారణ సభ్యులు గానీ చేయవచ్చు.

బ్యాలెట్ కవరు మీది చిరునామా చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. అది మేనేజ్‌మెంట్ కంపెనీ ఆఫీసుదైతే, ఆ కవర్లు ఎవరి అధీనంలో ఉంటాయి, తాళం ఎవరి దగ్గర ఉంటుంది అని ఇన్‌స్పెక్టరుకే రాయండి. అక్కడ ఉండటమే తప్పని కాదు; ఆ చోటును ఇన్‌స్పెక్టరు నిర్ణయించి ఉండాలి.

7. ప్రచారం: మీకూ వారికీ ఒకే కొలత

అసోసియేషన్ వార్తాపత్రికలోనో వెబ్‌సైటులోనో ఒక అభ్యర్థికి చోటిస్తే, కోరిన అభ్యర్థులందరికీ ఇవ్వాలి. మీరు రాసినదాన్ని వారు దిద్దకూడదు. దీనికి బాధ్యత అభ్యర్థిదేనని కింద ఒక మాట మాత్రం చేర్చుకోవచ్చు. సమావేశ స్థలం ఉంటే క్లబ్‌హౌస్‌ను ప్రచారానికి ఉచితంగా ఇవ్వాలి. అద్దె, డిపాజిట్, బీమా అడగరాదు. ఇంటింటికీ తిరిగి కరపత్రాలు పంచే హక్కు, వేళాపాళా పాటించినంత వరకు, 4515వ సెక్షన్ కింద ఇంటి యజమానులకే కాక అద్దెకున్నవారికీ ఉంది. అద్దెకున్నవారికి ఓటు ఉండదు గానీ, నోరు ఉంటుంది.

అసోసియేషన్ డబ్బుతో ప్రచారం చేయడం నిషిద్ధం. ఎన్నికకు ముందు 30 రోజుల్లో అసోసియేషన్ పంపే వార్తాలేఖలో, పోటీలో ఉన్న అధ్యక్షుని ఫోటో పెద్దదిగా వేసి "మన కాలనీ సాధించిన ప్రగతి" అని రాస్తే, అది కూడా ఈ నిషేధం కిందికే వస్తుంది. అలాంటిది వస్తే కోపంతో వాట్సాప్ గ్రూపులో పెట్టే ముందు, తేదీ కనిపించేలా ఒక కాపీ దాచుకోండి.

8. ఓటు వేయడం: రెండు కవర్ల లెక్క

బ్యాలెట్ మీద సంతకం చేయకండి, పేరు రాయకండి. దాన్ని లోపలి కవరులో పెట్టి అంటించండి. ఆ కవరు మీదా ఏమీ రాయకండి. దాన్ని బయటి కవరులో పెట్టి, ఎడమవైపు పైమూలన పేరు, చిరునామా రాసి సంతకం చేయండి. నేను కూర్చుని చూసిన ఒక లెక్కింపులో, ఇన్‌స్పెక్టరు పక్కన పెట్టిన కవర్లలో ఎక్కువ వాటికి ఉన్న లోపం ఒక్కటే: బయట సంతకం లేదు. కారణం అజాగ్రత్త కాదు, అతి జాగ్రత్త. సంతకాన్ని భద్రంగా లోపలి కాగితం మీద పెట్టారు.

పోస్టులో పంపితే ఒక వారం ముందే పంపండి. చేతికి ఇస్తే రసీదు అడగవచ్చు. కవరు ఇన్‌స్పెక్టరుకు చేరాక ఓటును మార్చుకోవడం, వెనక్కి తీసుకోవడం కుదరదు కాబట్టి, అభ్యర్థుల మాటలన్నీ విన్నాకే పంపండి. ఇంటింటికీ వచ్చి "మీ కవరు మేం చేరుస్తాం" అనేవారికి, వారు మీ స్నేహితులైనా సరే, ఇవ్వకండి.

2025 జనవరి నుంచి, అసోసియేషన్ తన నియమాల్లో చేర్చుకుంటే, బోర్డు ఎన్నికకు ఆన్‌లైన్ రహస్య బ్యాలెట్ కూడా వాడవచ్చు. మీకు కాగితమే కావాలంటే ఆ మాట చెప్పే హక్కు మీకుంది. అయితే దానికి గడువు ఎన్నికకు చాలా ముందే ముగుస్తుంది కాబట్టి మొదటి నోటీసులోనే ఆ తేదీ వెతకండి.

9. లెక్కింపు రోజు

కవర్లు తెరిచి లెక్కించడం అందరికీ తెరిచి ఉన్న సమావేశంలోనే జరగాలి. అంతకుముందు ఒక్క కవరూ తెరవకూడదు. అభ్యర్థులతో పాటు ఏ సభ్యుడైనా, సభ్యురాలైనా వచ్చి చూడవచ్చు. ఇద్దరు పొరుగువారితో వెళ్లి, ఈ అంకెలు రాసుకోండి: అందిన బయటి కవర్లు ఎన్ని, పక్కన పెట్టినవి ఎన్ని, ఎందుకు, తెరిచిన లోపలి కవర్లు ఎన్ని, చెల్లని బ్యాలెట్లు ఎన్ని, ఒక్కొక్కరికి వచ్చిన ఓట్లు ఎన్ని. అందిన కవర్లలోంచి పక్కన పెట్టినవి తీసేస్తే వచ్చే సంఖ్య తెరిచిన బ్యాలెట్ల సంఖ్యకు సరిపోవాలి. సరిపోకపోతే అక్కడే, మర్యాదగా, మినిట్స్‌లో రాయమని కోరండి.

బైలాస్ క్యుములేటివ్ ఓటింగును అనుమతిస్తే, ఒక సభ్యుడు తనకున్న ఓట్లన్నీ ఒకే అభ్యర్థికి వేయవచ్చు. మూడు సీట్లుంటే మూడు ఓట్లూ ఒకరికే. ఇది తెలియక మోసం జరిగిందనుకుని గొడవపడినవారున్నారు.

"కోరం రాలేదు, ఎన్నిక రద్దు, పాత బోర్డే ఉంటుంది" అని ప్రకటిస్తే (కోరం అంటే ఎన్నిక చెల్లడానికి కనీసం పాల్గొనవలసిన సభ్యుల సంఖ్య), ముందు పత్రాల్లో డైరెక్టర్ల ఎన్నికకు కోరం కావాలని అసలు రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే కోరం ప్రశ్నే రాదు. రాసి ఉన్నా, 2024 జనవరి నుంచి సమావేశాన్ని కనీసం 20 రోజుల తర్వాతికి వాయిదా వేసి, 20 శాతం కోరంతో లెక్కించే వీలు చట్టంలో ఉంది. ఆ వీలును వాడుకోమని ఆ రోజే కోరండి.

10. ఫలితం తర్వాత అనుమానం మిగిలితే

15 రోజుల్లో ఫలితాల నోటీసు అందరికీ రావాలి. దాన్ని మీ దగ్గరున్న అంకెలతో పోల్చండి. తేడా ఉంటే బ్యాలెట్లు, ఓటర్ల జాబితా, సంతకాలున్న కవర్లు చూపమని ఇన్‌స్పెక్టరుకు రాయండి. కవర్లను చూడవచ్చు గానీ నకళ్లు తీసుకోలేరు.

ఉత్తరంలో నాలుగు సంగతులు చాలు: ఏ సెక్షన్, ఏ తేదీన ఏం జరిగింది, ఏ కాగితం దానికి ఆధారం, మీరు కోరే దిద్దుబాటు ఏమిటి. డైరెక్టర్ల గుణగణాల గురించి రాసిన ప్రతి వాక్యం మీ ఉత్తరాన్ని బలహీనం చేస్తుంది. జవాబు రాకపోతే అంతర్గత వివాద పరిష్కారం కోరండి. సభ్యులు కోరితే అసోసియేషన్ నిరాకరించకూడదు, రుసుము తీసుకోకూడదు.

అదీ కాకపోతే కోర్టు. బ్యాలెట్ అందకపోవడం, లెక్కింపులో తప్పు, బ్యాలెట్లు చూపకపోవడం వంటివాటికి చిన్న దావాలు తేల్చే స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకు వెళ్లవచ్చు. ఎన్నికనే రద్దు చేయమని కోరదలిస్తే ముందు ఈ చట్టం తెలిసిన న్యాయవాదితో మాట్లాడండి, ఎందుకంటే కొన్ని రకాల దావాలకు ముందుగా మధ్యవర్తిత్వం ప్రతిపాదించి ఉండాలి. నియమం తప్పారని మీరు నిరూపిస్తే, దానివల్ల ఫలితం మారలేదని నిరూపించే భారం అసోసియేషన్ మీద పడుతుంది. నిరూపించలేకపోతే కోర్టు ఎన్నికను కొట్టివేయాలి. ఒక్కో ఉల్లంఘనకు 500 డాలర్ల వరకు జరిమానా విధించవచ్చు. గెలిస్తే మీ న్యాయవాది ఖర్చు వస్తుంది. ఓడినా, దావా పసలేనిదని కోర్టు తేలిస్తే తప్ప, వారి ఖర్చు మీ మీద పడదు.

గడువు ఒక సంవత్సరం. సాధారణంగా ఫలితాలు బోర్డుకూ సభ్యులకూ తెలియజేసిన రోజు నుంచి లెక్క. ఆ ఏడాది పాటు బ్యాలెట్లూ కవర్లూ ఇన్‌స్పెక్టరు అధీనంలోనే ఉంటాయి, ఆ తర్వాత అసోసియేషన్ చేతికి వెళ్తాయి. అందుకని వాటిని చూడాలన్న అభ్యర్థన మొదటి నెలలోనే, సర్టిఫైడ్ మెయిల్‌లో, ఇన్‌స్పెక్టరు పేరిట పంపండి.